త్వరగా ఆరే సిమెంటు

ఆమెను ఇంటా బయటా అందరూ పెద్దమ్మాయి అనే పిలుస్తారు. జుట్టు సగానికి పైగా నెరిసింది, మోకాళ్లు మెట్లెక్కమని మొరాయిస్తున్నాయి, అయినా ఆ పేరు మాత్రం వదల్లేదు. పుట్టింట్లో మొదటి సంతానం కావడంతో పడిన పేరది. పెళ్లయ్యాక మొగుడి నోటికీ అదే అలవాటైంది. పొద్దున్నంతా ఆసుపత్రి బట్టల గదిలో కుట్టుమిషను ముందు కూర్చుని చిరిగిన దుప్పట్లకు అతుకులు వేస్తుంది. మధ్యాహ్నం బస్సు దిగి, ఇంటికొచ్చి, ఇంత తిని, మేడ కింద ఉన్న కారు షెడ్డులోకి దిగుతుంది. అక్కడ ఇంకో రకం అతుకుల పని ఉంటుంది.

ఏనాడూ కారు మొహం చూడని షెడ్డు అది. అందులో ఆమె భర్తా, తమ్ముడూ కలిసి ప్లాస్టిక్ మోడళ్లు చేస్తారు. ఇంకా పునాది కూడా పడని భవనాన్ని ముందుగానే బల్ల మీద పట్టేంత చిన్నగా చేసి చూపించడం వాళ్ల పని. బిల్డర్లు దాన్ని అద్దాల పెట్టెలో పెట్టుకుని, "ఇదిగో, మీ ఫ్లాటు ఇక్కడొస్తుంది" అని కొనేవాళ్లకు చూపిస్తారు. భర్తను అందరూ మేస్త్రీ అంటారు. "అరచేతిలో పట్టే ఇళ్లు కట్టే మేస్త్రీని నేను. ఫ్యాను వేస్తే కూలీలు కాదు, ఇళ్లే లేచిపోతాయి" అని నవ్వించేవాడు. ఈ మధ్య ఆ నవ్వు లేదు. తమ్ముడు చంటోడు. నలభై దాటి, బట్టతల వచ్చి, ఇద్దరు పిల్లల తండ్రయినా చంటోడే.

బావా బావమరుదులు మాట్లాడుకోవడం మానేసి చాలా కాలమైంది. ఒక స్కూలు మోడల్ చేశారు. దాన్ని జనం ముందు ముసుగు తీసి చూపించే రోజున, తీయగానే పక్క గోడ ఒకటి ఊడి పడిపోయింది. స్కూలు వాళ్లు మొహం మాడ్చుకుని ఎవరి పనిది అని అడిగారు. మేస్త్రీ బావమరిది వైపు చూశాడు. నోటితో ఒక్క మాటా అనలేదు, చూశాడంతే. ఆ చూపు అందరికీ అర్థమైంది. చంటోడికి ఇంకా బాగా అర్థమైంది.

అప్పటి నుంచి ఒకే బల్లకు ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. మధ్యలో పెద్దమ్మాయి.

"అక్కా, మూడో టవరు కిటికీలు ఎప్పుడిస్తాడో మీ ఆయన్ని అడుగు."

"రేపిస్తానని మీ తమ్ముడికి చెప్పు."

ఇద్దరి మధ్యా ఉన్న దూరం రెండు మూరలు. అయినా మాట ఆమె మీదుగా వెళ్లాల్సిందే. మొదట్లో ఆమెకు నవ్వొచ్చేది. తర్వాత విసుగొచ్చింది. ఇప్పుడు విసుక్కోవడానికి కూడా ఓపిక లేదు. చెప్పమన్నది చెప్పేస్తుంది, అంతే. పొద్దున ఆసుపత్రిలో మిషను నడిపినట్టే మధ్యాహ్నం నోరు నడుపుతుంది.

ఇలా ఉండగా సిమెంటు గొడవ వచ్చి పడింది.

వాళ్లు సిమెంటు అనేది గోళ్ల రంగు సీసా అంత సీసాలో ఉండే నీళ్లలాంటి మందు. మూతకే చిన్న కుంచె ఉంటుంది. అది జిగురు కాదు. ప్లాస్టిక్‌ను కొంచెం కరిగించి, రెండు ముక్కల్నీ ఒకే ముక్కగా చేసేస్తుంది. మేస్త్రీ ఏళ్ల తరబడి ఒకే రకం వాడాడు. చిక్కగా, నింపాదిగా ఆరే రకం. దాన్ని తయారుచేసే చిన్న కంపెనీ మూతబడిందని సరంజామా కొట్టు ఆయన చెప్పాడు. చేతిలో ఏమో పెద్ద పని ఉంది. నాలుగు టవర్లు, ప్రతి అంతస్తుకీ బాల్కనీలు, ప్రతి బాల్కనీకీ పుల్లల్లాంటి కటకటాలు. కొత్త సిమెంటు ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు.

"త్వరగా ఆరేది తెమ్మను అక్కా" అన్నాడు చంటోడు. "ఇన్ని కటకటాలు పాత పద్ధతిలో అతికిస్తూ కూర్చుంటే ఆ టవర్లలో జనం కాపురాలు కూడా పెట్టేస్తారు. ఆలస్యం అమృతం విషం."

"నిదానమే ప్రధానం అని చెప్పు మీ తమ్ముడికి" అన్నాడు మేస్త్రీ తలెత్తకుండా. "త్వరగా ఆరేది త్వరగానే ఊడుతుంది. స్కూలు గోడ చూశాం కదా."

చంటోడు చేతిలో ఆకురాయి బల్ల మీద పెట్టేసి బయటికి వెళ్లిపోయాడు. వీధిలో కాసేపు నిలబడి మళ్లీ వచ్చాడు. పెద్దమ్మాయి ఆ సామెతలు రెండూ విని, కిటికీ ముక్కలు కోసుకుంటూ ఉండిపోయింది. ఇద్దరి సామెతలూ నిజమే. అందుకే ఏ సామెతా పనికిరాదు.

మర్నాడు ఆసుపత్రి నుంచి వస్తూ రెండు స్టాపులు ముందే దిగి తనే సరంజామా కొట్టుకు వెళ్లింది. కొట్టాయన కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని మూడు సీసాలు తీసి వరసగా పెట్టాడు.

"ఇది చిక్కటిది, మీరు వాడినదానికి దగ్గరగా ఉంటుంది. పూసి, ముక్క ఆనించి, వంకర ఉంటే సర్దుకోవచ్చు. టైమిస్తుంది. ఇదేమో నారింజ తొక్క వాసనొచ్చేది. తలనొప్పి రాదు, కానీ ఆరదు. పెట్టి మర్చిపోవాలి. ఇది మూడోది" అని చిన్న సీసా పైకెత్తి ఊపాడు. లోపలి మందు నీళ్లకన్నా పల్చగా కదిలింది. "దీంతో పద్ధతి తిరగెయ్యాలమ్మా. ముందు ముక్కలు రెండూ పొడిగా ఆనించి కదలకుండా పట్టుకోవాలి. తర్వాత సందు దగ్గర కుంచె తాకిస్తే చాలు. లోపలికి అదే పాకిపోతుంది. ఊపిరి తీసుకునేలోపు పట్టేస్తుంది. కానీ వంకరగా పట్టిందా, ఇక జన్మంతా వంకరే."

"ఏది గట్టిది?"

"సరిగ్గా వేస్తే మూడూ గట్టివే. మనిషిని బట్టి ఉంటుంది."

మనిషిని బట్టే అయితే మా ఇంట్లో ఏ సిమెంటూ పట్టదు అనుకుంది ఆమె. మూడూ కొనుక్కుని వచ్చింది.

ఆ సాయంత్రం వంటగది గట్టు మీద చెత్త ముక్కలు పెట్టుకుని మూడు రకాలతోనూ అతికించి చూసింది. నారింజ వాసనది ముట్టుకుంటే జారింది. చిక్కటిది బాగానే పట్టేలా కనబడింది కానీ, పొయ్యి మీద పప్పు ఉడికి దించేదాకా వేలితో కదిపితే కదులుతూనే ఉంది. పల్చటిది మాత్రం ఆమె సీసా మూత బిగించేసరికే కదల్లేదు. మర్నాడు పొద్దున మూడింటినీ విరిచి చూసింది. పల్చటి దానితో అతికించింది అతుకు దగ్గర విరగలేదు. పక్కన విరిగింది.

ఆ ముక్క తీసుకెళ్లి మేస్త్రీకి చూపించింది. "చూడండి. త్వరగా ఆరింది, ఊడలేదు."

ఆయన దాన్ని చేతిలోకి తీసుకోలేదు. దూరం నుంచే చూశాడు. "రెండు చెత్త ముక్కలు అతికించి మేస్త్రీవి అయిపోయావా? దాని వాసనకి నాకు తల పగిలిపోతుంది."

"నారింజ వాసనది కూడా తెచ్చాను."

"నారింజా వద్దు, నిమ్మా వద్దు. పాతదానిలాంటిది ఉందిగా, అది చాలు."

"అదే అయితే బిల్డరు అడిగిన టైముకి అవదంటున్నాడు వాడు."

"వాడంటాడు. నువ్వు మోస్తావు." మేస్త్రీ గొంతు పెరిగింది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

పెద్దమ్మాయి ఆ ముక్క కొంగున ముడేసుకుని బస్సెక్కింది. ఇరవై ఏళ్లుగా ఈ మనిషి తన మీద గొంతు పెంచింది లేదు. సిమెంటు సీసా కోసం ఇంత కోపమా అని దారి పొడుగునా ఆలోచించింది. ఆలోచిస్తూనే నిద్రపోయింది. కండక్టరు లేపితే దిగింది.

ఆ వారంలోనే ఒక రోజు ఆసుపత్రిలో కరెంటు పోయి మిషన్లు ఆగిపోయాయి. అందర్నీ తొందరగా పంపేశారు. చంటోడు రంగులు కొనడానికి వెళ్లి ఉంటాడని ఆమెకు తెలుసు. ఇంటికొచ్చి, పైకి వెళ్లబోతూ, షెడ్డు తలుపు ఓరగా ఉంటే లోపలికి చూసింది.

మేస్త్రీ ఒక్కడే ఉన్నాడు. ఎదురుగా ఉన్నది ఆమె తెచ్చిన పల్చటి సీసా. తల పగిలిపోతుందన్న సీసా. ఎడమ చేత్తో బాల్కనీ గచ్చు పట్టుకుని, కుడి చేత్తో పట్టకారుతో కటకటం తీసి అంచు మీద నిలబెట్టబోతున్నాడు. చెయ్యి బల్ల మీద ఉన్నంతసేపూ రాయిలా ఉంది. పనికి లేవగానే వణుకు మొదలైంది. చిన్న వణుకు కాదు. పట్టకారు కొస గాల్లో ముగ్గులు వేస్తోంది. కటకటం ఎలాగో అంచుకు ఆనింది. గచ్చు వదిలి ఎడమ చేత్తో కుంచె తాకించాడు. అంతే, అది పక్కకు ఒరిగి అక్కడే పట్టేసింది. ఆయన దాన్ని పీకాడు. విరిగింది. ఎడమ చేత్తో కుడి మణికట్టు బిగించి పట్టుకుని మళ్లీ ప్రయత్నించాడు. అదీ ఒరిగింది. విరిగిన ముక్కలు కాలి దగ్గరున్న బుట్టలో వేసి, పైన పాత న్యూసుపేపరు కప్పాడు. ఆ బుట్ట అప్పటికే సగం నిండి ఉంది.

పెద్దమ్మాయి చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చింది. మెట్ల మీద కూర్చుంది. కళ్లకు కట్టిన గంతలు ఒక్కొక్కటీ ఊడుతున్నట్టు అనిపించింది. టీ గ్లాసు సగమే పొయ్యమంటున్నాడు. గడ్డం ఇంట్లో గీసుకోవడం మానేసి బార్బరు దగ్గరికి వెళ్తున్నాడు. బ్యాంకు కాగితాల మీద సంతకం నువ్వే పెట్టు, నీ పేరు మీదే ఉండనీ అంటున్నాడు. ఇదంతా మొగుడి ప్రేమనుకుంది, ముసలితనం అనుకుంది, బద్ధకం అనుకుంది. చిక్కటి సిమెంటు ఎందుకు కావాలో కూడా అప్పుడు తెలిసింది. అది ఆరడానికి తీసుకునే టైములో ఒరిగిన ముక్కను ఆయన మళ్లీ మళ్లీ సర్దుకోవచ్చు. ఎవరూ చూడరు. పల్చటిదైతే వణికిన వణుకంతా అక్కడే గడ్డకట్టి అందరికీ కనబడుతుంది.

జాలి కలగాలి కానీ ఆమెకు ముందు కోపమే వచ్చింది. ఇంతకాలం ఇద్దరి మధ్యా మాటలు మోసి మోసి నోరు అరిగిపోతే, ఆ మాటల్లో అసలు మాట ఒక్కటీ లేదు. తర్వాత కోపం కూడా నిలబడలేదు. మెట్టు చల్లగా ఉంది. లేవాలనిపించలేదు. మొయ్యడానికి ఇంకొకటి వచ్చింది అనుకుంది.

కాసేపయ్యాక లేచి, చెప్పులు గట్టిగా చప్పుడు చేసుకుంటూ షెడ్డులోకి వెళ్లింది. సీసా బల్ల మీద లేదు.

సాయంత్రం ఉతికిన బట్టలు మడతపెడుతూ అడిగింది. "చెయ్యి ఎప్పట్నించి అలా ఉంది?"

మేస్త్రీ ఏ చెయ్యి అని అడగలేదు. "స్కూలు మోడల్‌కి ముందు నుంచే."

"గోడ?"

"నేనే అతికించాను. చెయ్యి కదిలి సగం అంచుకే పట్టింది. తెలుసు నాకు. పైన రంగు వేసేశాను." ఆయన గొంతు బాగా తగ్గింది. "వాడి వైపు ఎందుకు చూశానో ఇప్పటికీ తెలీదు పెద్దమ్మాయీ. ఎవరి వైపో ఒకరి వైపు చూడాలి కదా అనిపించింది."

ఆమె తువ్వాలు మడత పెట్టి, విప్పి, మళ్లీ మడత పెట్టింది. "ఈ ముక్క వాడికి చెప్పండి."

"నువ్వు చెప్పకూడదూ?"

"చెప్పను" అంది. "కిటికీల సంగతి చెప్పాను, రంగుల సంగతి చెప్పాను, నువ్వెంతంటే నువ్వెంతనే మాటలు కూడా మీ ఇద్దరికీ నేనే చెప్పాను. ఇది మాత్రం నా వల్ల కాదు. నాకు ఓపిక లేదు."

ఏడుపుగొట్టుగా అనలేదు. సంచిలో కూరగాయలు అయిపోయాయి అన్నట్టు అంది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె షెడ్డులోకి దిగేసరికి మేస్త్రీ లేచి నిలబడి ఉన్నాడు. చంటోడు నాలుగో టవరు మూల నునుపు చేస్తున్నాడు.

"చంటీ" అన్నాడు మేస్త్రీ.

చంటోడు ముందు అక్క వైపు చూశాడు, పొరపాటున తనకొచ్చిన ఉత్తరంలా ఆ పిలుపుని ఎవరికివ్వాలా అన్నట్టు.

"ఆ స్కూలు గోడ నాది. నా చెయ్యి వణుకుతోంది. నీ మీదకి తోసేశాను."

చంటోడు కాసేపు ఆకురాయి ఆడిస్తూనే ఉన్నాడు. తర్వాత ఆపాడు. "ఆ తర్వాత స్కూలాయన ఇంకో పని కూడా ఇద్దామనుకుని మానేశాడు. గోడలు ఊడిపోయే పనోడు అని నన్ను వేరేచోట కూడా అన్నారు. మా ఆవిడ నా మొహం చూసి ఏమైందని అడగడం మానేసింది." లేచి చొక్కా దులుపుకున్నాడు. "ఇప్పుడు చెప్తున్నావా బావా?"

చంటోడు వెళ్లిపోయాడు. ఈసారి వీధిలో ఆగలేదు.

ఆ పూటంతా మొగుడూ పెళ్లాం ఇద్దరే పని చేశారు. పని ఆగితే మిగతాది కూడా ఆగిపోతుందన్న భయంతో చేశారు. కటకటాన్ని అంచుకు ఆనించి ఆమె పట్టుకుంటే, ఆయన ఎడమ చేత్తో మణికట్టు బిగించుకుని పల్చటి సిమెంటు కుంచె తాకించాడు. మొదటిది నిటారుగా నిలబడింది. రెండోదీ నిలబడింది. మూడోసారి ఆమె బొటనవేలు సందుకు మరీ దగ్గరగా పెట్టింది. మందు వేలి కిందకి పాకింది. వేలు తీసి చూస్తే తెల్లటి గోడ మీద ఆమె వేలిముద్ర, గీతలతో సహా అచ్చు పడిపోయి ఉంది.

"రిజిస్ట్రేషన్ అయిపోయింది" అన్నాడు మేస్త్రీ. "ఈ ఫ్లాటు నీదే."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్లు మండాయి, సిమెంటు ఘాటో ఇంకేదో. తలుపు బార్లా తీసి వచ్చింది.

చంటోడు మర్నాడూ రాలేదు. ఆమె కబురు పెట్టలేదు. పెట్టాలని చాలాసార్లు అనిపించింది. అనిపించినప్పుడల్లా కిటికీ ముక్కలు కోసింది. ఆ తర్వాతి రోజు వచ్చాడు, చంకలో ఒక పొట్లంతో. విప్పి బల్ల మీద పెట్టాడు. ఇనప రేకుని మూలగా వంచి, చిన్న అయస్కాంతాలు బిగించిన చట్రం. గచ్చు ముక్క ఒక వైపు, కటకటం ఒక వైపు పెడితే అయస్కాంతాలు రెండింటినీ కదలకుండా పట్టుకుంటాయి. మనిషి చెయ్యి అక్కర్లేదు.

"అక్కా, ఇందులో పెట్టి కుంచె తాకిస్తే చాలని మీ ఆయనకి…"

"ఆయన చెవులు బాగానే ఉన్నాయి" అంది పెద్దమ్మాయి, తల తిప్పకుండా.

చంటోడు గొంతు సవరించుకున్నాడు. "ఇందులో పెట్టి కుంచె తాకిస్తే చాలు బావా. సందుకి మూలన తాకించు, మధ్యలో వద్దు."

"కోపం పోయిందా?" అని అడిగాడు మేస్త్రీ.

"పోలేదు. కోపం వేరు, కటకటాలు వేరు."

అలా ఆ పల్చటి సిమెంటే ఖాయమైంది. చట్రం చాలా వరకు ఆదుకుంది కానీ అంతా సుఖాంతం చెయ్యలేదు. మణికట్టు బిగించుకున్నా కుంచె నుంచి చుక్కలు రాలేవి. పల్చటి మందు చుక్క ఎక్కడ పడితే అక్కడ ప్లాస్టిక్ మీద మచ్చ. తెల్ల గోడ మీదైతే ఆరాక రుద్దితే పోయేది. అద్దం కిటికీ మీద పడితే ఆ కిటికీ పారెయ్యాల్సిందే. రెండో టవరు సగంలో మేస్త్రీ కుంచెను సీసాలో పెట్టి మూత బిగించాడు. ఆ మూత బిగించడానికి కూడా చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం చెయ్యబోలేదు.

"చంటీ, నువ్వు ఇటు రా. ఈ కుర్చీలో కూర్చో."

అది ఆయన కుర్చీ. షెడ్డు పెట్టినప్పటి నుంచీ ఆయనదే. చంటోడు అందులో మొహమాటంగా అంచు మీద కూర్చున్నాడు. మేస్త్రీ ప్లాను కాగితాలు తీసుకుని ఎదుటి స్టూలు మీద కూర్చుని, ఏ అంతస్తుకి ఏ ముక్కో చదివి చెప్పడం మొదలుపెట్టాడు. గొంతు వణకలేదు. కాగితాన్ని బల్ల మీద ఆనించి పెట్టుకున్నాడు.

నాలుగు టవర్లూ అనుకున్న రోజుకే బిల్డరు ఆఫీసు చేరాయి. బిల్డరు మనిషి చుట్టూ తిరిగి, వంగి, కళ్లు చికిలించి ప్రతి బాల్కనీ చూశాడు. ముగ్గురూ వెనకాలే నిలబడ్డారు.

"అంతా బాగుంది" అన్నాడు చివరికి. "చెట్లు మరీ పచ్చగా ఉన్నాయి."

చెట్లు అట్టపెట్టెలో రెడీమేడుగా వచ్చినవి. వాటి జోలికి వాళ్లెవరూ పోలేదు. బావా బావమరుదులు ఒకరి మొహం ఒకరు చూసుకుని చెట్లు మారుస్తామన్నారు.

డాక్టరు దగ్గరికి ఆ తర్వాతి వారం వెళ్లారు. పని అయ్యాక చూద్దాంలే అన్న మేస్త్రీని, పని అయిపోయింది అని పెద్దమ్మాయి బయల్దేరదీసింది. ఆమె పని చేసే ఆసుపత్రే. కానీ బట్టల గది దారి కాకుండా ముందు గుమ్మం నుంచి లోపలికి రావడం ఆమెకు అదే మొదటిసారి. చంటోడు కూడా వచ్చాడు. ఎవరూ రమ్మనలేదు, చట్రానికి అయస్కాంతాలు కొనాలి, దారిలోనే కదా అన్నాడు. చీటీ తీసుకుని వరండాలో కుర్చీల్లో కూర్చున్నారు. ముందు చాలామంది ఉన్నారు. గోడకు తల ఆనించగానే ఆమెకు కళ్లు మూతలు పడ్డాయి. నిద్ర పూర్తిగా పట్టలేదు. మాటలు దూరం నుంచి వినిపిస్తున్నాయి.

"నంబరు వచ్చేట్టుంది. లేపు మీ అక్కని."

"పడుకోనీ బావా."

"లోపల డాక్టరు ఎప్పట్నించి, ఎలా అని అడిగితే ఎవరు చెప్తారు?"

"నువ్వే చెప్పు. నీ చెయ్యే కదా."

నర్సు నంబరు పిలిచింది. రెండు జతల చెప్పుల చప్పుడు తలుపు వైపు వెళ్లింది. పెద్దమ్మాయి ఒక కన్ను సగం తెరిచింది. లోపలికి వెళ్తూ మేస్త్రీ చీటీ పట్టుకున్న చెయ్యి నర్సు వైపు చాచాడు. కాగితం గలగలా ఆడుతోంది. పక్కన చంటోడు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. లేచి వెళ్లాలా అనుకుంది. కళ్లు మూసుకుంది.